కారు సరే, ఇన్సులిన్ సంగతి?

ప్రశ్న: మా కారులో మొదటిసారి నేపాల్ వెళుతున్నాం. నాన్నగారు ఇన్సులిన్ తీసుకుంటారు. ఏయే జాగ్రత్తలు అవసరం?
– ఒక పాఠకుడు, చౌటుప్పల్

జవాబు: బ్రేకులు, టైర్లు, స్టెప్నీ మెకానిక్‌కు చూపించండి. ఇన్సులిన్‌ను డాష్‌బోర్డులోగాని, డిక్కీలోగాని పెట్టకండి. ఎండలో నిలిపిన కారు పెనంలా కాగుతుంది. మందు శక్తి తగ్గిపోతుంది. గడ్డకట్టినా పనికిరాదు. అందుచేత ఐసు తగలకుండా ఫ్లాస్కులో ఉంచి, దిగినప్పుడల్లా వెంట తీసుకెళ్ళండి. డాక్టరు చీటీ నకలు కూడా ఉంచుకోండి. వేళకు భోజనం పెట్టించండి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే కారు ఆపి, వెంటనే చక్కెర నీళ్ళు తాగించండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆంబులెన్సును పిలవండి. సరిహద్దు దాటాక మన 108 పనిచేయదు, అక్కడ 102. కారు నడిపేవారు రెండు గంటలకోసారి ఆగాలి, రాత్రి నిద్ర మానరాదు.