పొగగొట్టమూ – ప్రమాణ విచారమూ

తర్కం చదివిన వారందరికీ కొండ మీది పొగ తెలిసినదే. పొగ ఉన్నది కనుక నిప్పు ఉన్నదనడం సరైన అనుమానం. నిప్పు ఉన్నది కనుక పొగ ఉండి తీరాలనడం దోషం. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. అన్నంభట్టు తన తర్కసంగ్రహాన్ని బాలుర కోసమే రాశాడు. ఆ బాలపాఠాన్ని ఒక గ్యారేజీ మరచిన పాపానికి మా అల్లుడుగారు 640 డాలర్లు చెల్లించారు. ఆ గ్యారేజీ పేరు నేను చెప్పను. పద్ధతిని మాత్రం ఖండించక తప్పదు.

2024 ఏప్రిల్‌లో నేనూ మా ఇంటావిడా మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాం. అల్లుడుగారి కారుకు యాక్టివ్ ఎగ్జాస్ట్ అనే ఏర్పాటు ఉంది. మన వైపు సైలెన్సర్ అని పిలిచే పొగగొట్టంలో, వెనుక కుడి ఎడమల ఒక్కొక్క రేకు తలుపు ఉంటుంది. దానిని తిప్పడానికి పిడికిలంత మోటారు. నెమ్మదిగా పోయేటప్పుడు తలుపు మూసుకొని చప్పుడు అణుగుతుంది; ఇంజను వేగం హెచ్చినప్పుడు తెరుచుకొని గర్జన వినిపిస్తుంది. ఆ గర్జన మనిషికి అవసరమా అన్నది వేరే విచారం.

ఎడమ తలుపు కదలడం మానింది. హెచ్చరిక దీపం వెలిగింది. గ్యారేజీవారు యంత్రం తగిలించి కోడు చదివారు: ఎడమ మోటారు సర్క్యూటులో లోపం. వెంటనే ఎడమ మోటారు మార్చి బిల్లు వేశారు. తొమ్మిది రోజులకు దీపం మళ్లీ వెలిగింది. ఈసారి వారు, "కంట్రోల్ కంప్యూటరే పోయి ఉంటుంది, 1,100 డాలర్లవుతుంది" అన్నారు.

"ఏమి కొలిచి చూశారు బాబూ?" అని అడిగాను.

"కంప్యూటరే చెప్పింది కదండీ మావయ్యగారూ" అన్నారు అల్లుడుగారు.

ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. తన ఆఫీసులో లోపాన్ని తిరిగి పుట్టించి చూడకుండా ఒక్క పంక్తి మార్చని మనిషి. అంతటివారు కూడా గ్యారేజీ గడప తొక్కగానే తర్కాన్ని చెప్పులతో పాటు బయట విడిచారు!

కోడు అబద్ధం చెప్పలేదు. సర్క్యూటులో లోపమన్నది, అంతే. సర్క్యూటు అంటే మోటారొక్కటే కాదు. ఫ్యూజు, తీగ, కనెక్టరు, ఎర్తు అన్నీ కలిస్తే సర్క్యూటు. మోటారు పోతే ఆ కోడు వస్తుంది, నిజమే. కోడు వస్తే మోటారే పోయిందనడం ఇనుపగుండులో పొగ వెదకడం.

మరి నిర్ణయించడమెలా? శాస్త్రం అన్వయ వ్యతిరేకాలని చెప్పింది. ఒకటి ఉంటే రెండవది ఉండటం అన్వయం, లేకుంటే లేకపోవడం వ్యతిరేకం. కుడి ఎడమ మోటార్లు ఒకే నమూనావి. పొగగొట్టం పూర్తిగా చల్లారిన తరువాత, కారును స్టాండ్ల మీద నిలిపి, అల్లుడుగారు రెండింటినీ విప్పారు. ముందు రేకు తలుపులను చేతితో తిప్పి చూశాం. తలుపు తుప్పుతో బిగుసుకుపోయినా మోటారు మొరాయించి ఇటువంటి కోడే రావచ్చు. రెండూ సులువుగా తిరిగాయి. అప్పుడు మోటార్లను అటుదిటు, ఇటుదటు మార్చి బిగించాం. దోషం మోటారుతో పాటు కుడివైపుకు పోలేదు, ఎడమవైపే ఉండిపోయింది. అంటే మోటారు నిర్దోషి. అర్ధగంట పని, ఒక్క డాలరు ఖర్చు లేదు.

ఇక తీగలు. మీటరు పెడితే 12 వోల్టులు నిండుగా చూపింది. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. మా ఊరి రైతులకు ఈ మోసం బాగా తెలుసు. టెస్టరు వెలుగుతుంది, పంపుసెట్టు తిరగదు. అందుకే మా ఊరి మోటారు మెకానిక్కు టెస్టరును నమ్మడు. హోల్డరుకు రెండు తీగలు కట్టిన బల్బును నమ్ముతాడు. లెక్క చూడండి. చిలుము పట్టిన చోట 5 ఓమ్‌ల నిరోధం ఉందనుకుందాం. మీటరు తీసుకునేది ఆంపియరులో సుమారు పది లక్షల వంతు. అక్కడ నష్టం దాదాపు సున్న. మోటారు 1 ఆంపియరు లాగితే అదే చోట 5 వోల్టులు హరించుకుపోతాయి. 1827లో ఓమ్ ప్రకటించిన సూత్రం ఇదే. కనుక కొలత బరువు మీద ఉన్నప్పుడే తీయాలి.

మోటారుకు ఆజ్ఞ ఇస్తూ, మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివు మీద, రెండవది మోటారు కనెక్టరులోని ఎర్తు పిన్ను మీద పెట్టాం. వోల్టులో పదోవంతో, రెండు వంతులో ఉండవలసిన చోట 4.6 కనిపించింది. దొంగ దొరికాడు! మిషిగన్‌లో శీతాకాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు ఎర్తు తీగ తొడుగులోకి పాకి రాగిని పచ్చని పొడి చేసింది. మెరిసే రాగి కనిపించేవరకు కోసి, కొత్త కొస నొక్కి, లోపల జిగురున్న వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, బాడీ మీది బోల్టు చోటు శుభ్రం చేసి బిగించాం. ఖర్చు 11 డాలర్లు. 2024-25 శీతాకాలం గడిచింది, దీపం మళ్లీ వెలగలేదు.

రెండు జాగ్రత్తలు. కొలవడానికి తీగ తొడుగును సూదితో గుచ్చకండి. ఆ రంధ్రమే వచ్చే చలికాలపు రోగం. కంప్యూటరు నుంచి వచ్చే సంకేతపు తీగకు బల్బు తగిలించకండి. అది కంప్యూటరునే కాల్చవచ్చు.

"అక్కడ గంటకూలి ఎక్కువ, వెదకడం కంటే మార్చడమే చౌక" అంటారు. ఎవరికి చౌక? వెదికినందుకు ఇంత అని అడగండి, ఇస్తాం. వెదకకుండా వెదికినట్టు పుచ్చుకోవడం వైద్యం కాదు, వర్తకం. పనివాణ్ణి ఒక్కణ్ణే నిందించను. చాలా గ్యారేజీలలో ఏ పనికి ఎన్ని గంటలో ముందే కట్టిన లెక్క ప్రకారం జీతమిస్తారు. భాగం మార్పుకు ఆ లెక్కలో చోటుంది, ఆలోచనకు ఉన్న చోటు తక్కువ.

నేనూ ఈ పాపం చేసినవాణ్ణే. పిల్లవాడు "భాష"ను "బాష" అని రాస్తే ఎర్రసిరాతో చుట్టి అర మార్కు కోసేవాణ్ణి. ఆ తప్పు చెవిదా, నోటిదా, చేతిదా అని ఏళ్ల తరబడి అడగలేదు. పలికించి చూస్తే ఒక్క నిమిషంలో తెలిసేది. ఆ ఎర్రసున్న కూడా కోడే. ఆ పిల్లలకు నేను బాకీ.

కనుక ఈసారి గ్యారేజీకి వెళ్లినప్పుడు మూడే ప్రశ్నలు అడగండి. ఏమి కొలిచారు? బరువు మీద కొలిచారా? బాగు చేశాక కొలత ఎంత వచ్చింది? జవాబు లేకపోతే తాళంచెవి తిరిగి పుచ్చుకోండి. ఇప్పటికే ఏదైనా మార్చి ఉంటే ఆ పాత భాగాన్ని కూడా అడిగి తెచ్చుకోండి. మా అల్లుడుగారు అడగలేదు. తీసేసిన ఆ నిర్దోషి మోటారు ఏ చెత్తబుట్టలో పడిందో!

స్వస్తి.