వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లు నవ్వకూడదా?



ఈసారి కాస్త ఘాటుగానే రాస్తున్నాం. మేము అంటే మేమూ, మా ఇంటావిడా. ఎవరి పేరూ రాయం. తగలవలసిన వాళ్లకు తగిలితే చాలు.

మన సంఘంలో ఒక జంట ఉన్నారు. ఆస్పత్రులు, ఇంజెక్షన్లు, మొక్కులు అన్నీ అయ్యాక, దత్తతకు దరఖాస్తు పెట్టుకున్నారు. మూడో ఏడు ముగియవస్తోంది. మొన్న వేసవిలో అబ్బాయి తల్లిని కూడా వెంటబెట్టుకుని వారం రోజులు సింగపూరు, మలేసియా చూసొచ్చారు. కౌలాలంపూరు దగ్గర బటు గుహల ముందు, ఆ బంగారు రంగు సుబ్రహ్మణ్యస్వామి విగ్రహం కింద ముగ్గురూ నవ్వుతూ దిగిన ఫోటో గ్రూపులో పెట్టారు.

అంతే, మొదలైంది. "బిడ్డ కావాలన్నారు, విమానం ఎక్కారు." "పిల్లల్లేరు కదా, ఖర్చేముంది, తిరుగుతారు." ఒక పెద్దాయన ఇంకో అడుగు ముందుకేశారు. దత్తత కాగితాల్లో తెలిసినవాళ్లు ఇద్దరు రాసిచ్చే ఉత్తరాలు కావాలి. హోమ్ స్టడీ రిపోర్టు చెల్లేది మూడేళ్లే కాబట్టి, వాళ్లు కాగితాలు మళ్లీ సిద్ధం చేసుకుంటూ ఆయన్ను అడిగారు. "ఊళ్లు తిరిగేవాళ్లకు బిడ్డ మీద ధ్యాస ఉందని నేనెలా రాసేది?" అన్నారట. ఆ అమ్మాయి మా ఇంటికొచ్చి ఈ మాట చెప్పి ఏడవలేదు. కాఫీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్లింది. ఏడ్చి ఉంటే మాకే బాగుండేది.

నిజం చెప్పాలి. ఆ ఫోటో చూసి మొదట మా ఇంట్లోనూ "ఇప్పుడు అవసరమా?" అనుకున్నాం. సిగ్గుపడుతున్నాం. అందుకే రాస్తున్నాం.

ముందు ఈ పద్ధతి తెలుసుకోండి. మన దేశంలో దత్తత కారా అనే కేంద్ర సంస్థ కింద ఆన్‌లైన్లో నడుస్తుంది. రిజిస్టర్ చేసుకోవాలి, కాగితాలు పెట్టాలి, సోషల్ వర్కర్ ఇంటికొచ్చి అన్నీ విచారించి రిపోర్టు రాస్తారు. ఆ తర్వాత వరుస. వరుస వచ్చినప్పుడు బిడ్డ ఫోటో, వైద్య పరీక్షల వివరాలు చూపిస్తారు. 48 గంటల్లో సరేనని రిజర్వు చేసుకోవాలి. ఆ 48 గంటలు వచ్చేదాకా తల్లిదండ్రుల చేతిలో ఏమీ లేదు.

రైల్వేలో గుమాస్తాగా బతికినవాళ్లం, మాకు తెలిసిన భాషలో అడుగుతాం. వెయిటింగ్ లిస్టు టికెట్టు చేతిలో ఉన్నవాడు తిరువళ్లూరు ప్లాట్‌ఫారం మీద వారం రోజులు ఉపవాసం కూర్చుంటే నంబరు ముందుకు జరుగుతుందా? వీరరాఘవస్వామి కోనేటి గట్టున కూర్చున్నా జరగదు, సింగపూరులో కూర్చున్నా వెనక్కి పోదు. పైగా వాళ్లు అక్కడ కూడా ఫోన్ పనిచేసేలా చూసుకుని వెళ్లారు. వారమంతా పొద్దున లేవగానే ఆ అబ్బాయి మొదట చూసింది ఊరు కాదు, ఫోన్లో మెసేజీ వచ్చిందా అని. ధ్యాస లేదంటారా?

"ఆ డబ్బు బిడ్డ కోసం దాచొచ్చు కదా" అన్నవాళ్లకు కాస్త మర్యాదగానే జవాబు చెబుతాం, ఎందుకంటే ఆ మాటలో కొంత అక్కర ఉంది. కానీ వాళ్ల ఆదాయం, ఇల్లు, ఆరోగ్యం అన్నీ సోషల్ వర్కర్ చూసి రాశారు. మీరు మళ్లీ లెక్క వెయ్యక్కర్లేదు. మన ఇళ్లలో సీమంతానికి, బారసాలకు హాలు, భోజనాలు, వీడియో అని ఎంత పోస్తున్నామో ఎవరైనా లెక్క అడిగారా? కడుపుతో ఉన్న పిల్లను పుట్టింటికి తీసుకెళ్లి, అడిగింది వండిపెట్టి, సంతోషంగా ఉండాలమ్మా అంటాం. తొమ్మిది నెలల ఎదురుచూపుకు సంతోషం కావాలి, మూడేళ్ల ఎదురుచూపుకు అక్కర్లేదా? బిడ్డ వచ్చాక కొన్నాళ్లు ఇల్లు కదలకుండా ఆ బిడ్డ తమను నమ్మేదాకా దగ్గర ఉండాలని వాళ్లకు తెలుసు. అందుకే, విమానం ఎన్నడూ ఎక్కని తల్లి కోరిక ఇప్పుడే తీర్చారు.

అసలు మాకు కోపం తెప్పించింది వేరే. ఇప్పుడు వేలెత్తి చూపే నోళ్లలోనే ఒకటి, రెండేళ్ల క్రితం వాళ్లతో, "ఈ ఆన్‌లైన్ గోల ఎందుకు, తెలిసిన నర్సు ఉంది, ఇంత ఇస్తే పని అయిపోతుంది" అంది. అయ్యా, బిడ్డను కొన్నా అమ్మినా 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఐదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆ దారి వద్దని, వరుసలో నిలబడతామని అన్న జంట వీళ్లు. దొడ్డిదారి చూపించినవాళ్లు, రాజమార్గంలో నిలబడినవాళ్లకు బుద్ధి చెబుతున్నారు!

ఇక రక్తం, వంశం అనేవాళ్లకు ఒక్క మాట. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే. ఆ కొండ మీది స్వామికి ఆడికృత్తికనాడు కావళ్లు మోస్తాం. ఆ కృత్తిక ఎవరు? స్వామిని కనకుండా పాలిచ్చి పెంచిన ఆరుగురు తల్లులు. కార్తికేయుడు అనే పేరు ఆయనకు పెంచిన తల్లుల వల్లే వచ్చింది. పక్కనే నారాయణవనం. ఆకాశరాజు పొలం దున్నుతుంటే తామరలో దొరికిన బిడ్డ పద్మావతమ్మ. ఆ పెళ్లి మాట్లాడటానికి వెళ్లిన వకుళమ్మ కూడా శ్రీనివాసుడికి పెంపుడు తల్లే. తిరుత్తణిలో 365 మెట్లు, బటు గుహల్లో 272 మెట్లు. రెండు చోట్లా ఉన్నది పెంపుడు తల్లుల బిడ్డే. ఆయన ముందు నిలబడి ఆ అమ్మాయి నవ్వితే తప్పు పట్టడానికి మీకు నోరెలా వచ్చింది?

ఉడికే కుండకు మూత పెట్టొచ్చు, ఊరి నోటికి పెట్టలేం అని తమిళంలో సామెత. ఊరి సంగతి వదిలేద్దాం. సంఘం నోటికి మూత మనమే పెట్టుకోవచ్చు. మూడు పనులు అడుగుతున్నాం.

ఒకటి, ఆ ఉత్తరాల్లో ఒకటి మేము రాసిచ్చాం. రెండోది రాయడానికి ఈ వారంలోగా మీలో ఒకరు ముందుకు రావాలి. ఆ పెద్దాయనే వస్తే మరీ సంతోషం.

రెండు, ఉగాది సభలో "విశేషమేమైనా ఉందా?" అని ఏ ఆడపిల్లనూ అడగొద్దు. పసుపు కుంకుమ ఇచ్చేటప్పుడు పిల్లల తల్లులను ముందు పిలిచే అలవాటు ఈ ఏటితో ఆగాలి.

మూడు, ఆ బిడ్డ వచ్చిన రోజున, ఆడైనా మగైనా, నలుపైనా తెలుపైనా, "ఎవరి బిడ్డో" అనే మాట రాకూడదు. మన పిల్లలందరికీ చేసినట్టే సంఘం తరఫున ఉయ్యాల వేడుక చేద్దాం. ఉయ్యాల ఖర్చు మాది.

అంతదాకా వాళ్లు మళ్లీ ఏ ఊరైనా వెళ్లి ఫోటో పెడితే, కింద ఒకే మాట రాయండి: క్షేమంగా వెళ్లి లాభంగా రండి.