జంట కుదిరితేనే జోరు!

సినిమాకి హిట్ పెయిర్ ఎంత అవసరమో మన పాఠక మిత్రులకు నేను చెప్పక్కర్లేదు. కంప్యూటర్‌కీ అంతేనంటే మాత్రం నవ్వుతారేమో! ఈ వారం ముచ్చట అదే మరి.

అమీర్‌పేటలో మా పక్క గదిలో ఓ కరీంనగర్ కుర్రాడున్నాడు. పగలు షార్ట్ ఫిలిమ్‌ల ఎడిటింగ్, రాత్రి గేములు. ఇన్నాళ్లూ పంజాగుట్టలో అద్దె మిషన్ మీద నెట్టుకొచ్చాడు. వాళ్లమ్మ చిట్టీ ఎత్తి డబ్బు పంపితే, సొంతంగా ఒకటి కట్టించుకుందామని ఓ షాపువాడి కొటేషన్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, జర జూడు. 32 జీబీ ర్యామ్, ఒక్కటే స్టిక్కు. రంగురంగుల లైట్లు గూడ ఉన్నయ్!"

నాకు గుండె గుభేలుమంది. కొన్నేళ్ల కిందట "ఇంకోటి తర్వాత వేసుకోవచ్చు సార్" అన్న దుకాణదారు మాట నమ్మి నేనూ ఒక్కటే తెచ్చుకున్నాను. ఆ 'తర్వాత' ఇంతవరకూ రాలేదు!

"తమ్ముడూ, మన సారథి స్టూడియో ఉంది చూశావా? 1959లో 'మా ఇంటి మహాలక్ష్మి' తీసింది అక్కడే. ఆ కాలం ఎడిటర్లు ఫిలిం డబ్బాలన్నీ అలమరలో పెట్టి, ఆ సీనుకి కావలసిన ముక్కల్నే ముందుంచుకునేవాళ్లు. నీ ఎస్ఎస్‌డి ఆ అలమర. ర్యామ్ ఆ బల్ల. బల్ల ఇరుకైతే ప్రతి ముక్కకీ లేచి పరుగెత్తాల్సిందే. ఇక ప్రాసెసర్‌కి సరుకు అందించడానికి రెండు దారులున్నాయి. ఒక్క స్టిక్కు పెడితే ఒక దారి మూసినట్టే. అదే 32 జీబీని రెండు పదహార్లుగా తీసుకో, రెండు దారులూ తెరుచుకుంటాయి."

"మరి 64 ఏపిస్తే?"

"ఊహలెందుకు, కొలుద్దాం పద!" అని మెట్రో ఎక్కించాను. ఒక్క స్టేషనేగా! పంజాగుట్ట గదిలోని అద్దె మిషన్‌లో 32 జీబీ ఉంది. టాస్క్ మేనేజర్ తెరిచి కూర్చున్నాం. గేమ్ ఒక్కటే ఆడితే మొత్తం వాడకం 13 జీబీ. మామూలు హెచ్‌డీ ఎడిటింగ్‌కి 21. 4కే క్లిప్పులు, ఎఫెక్టులు పెట్టేసరికి 31కి చేరి బొమ్మ తడబడింది. కుర్రాడి ముఖం వాడిపోయింది. చేతిలో ఉన్న షార్ట్ ఫిలిమ్ 4కేలోనే ఇవ్వాలట!

64 కొనేస్తే సరిపోదా అంటారా? 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల ఆకలికి మెమొరీ ధరలు చుక్కలనంటాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ సంస్థ, మనలాంటి వాళ్లు కొనుక్కునే 'క్రూషియల్' వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 64కి వెళ్తే గ్రాఫిక్స్ కార్డు డబ్బులు ఎగిరిపోతాయి.

దారి చూపించింది పాత సినిమాయే! నెగటివ్ దాచిపెట్టి, రష్ ప్రింట్ మీద కత్తెర వేసేవాళ్లు కదా? అలాగే 4కే క్లిప్పులకు చిన్న సైజు 'ప్రాక్సీ' కాపీలు చేసి, వాటిమీద ఎడిట్ చేసి, చివర్లో అసలువాటితో ఫైనల్ తీసుకోవాలి. అలా చేసి చూస్తే వాడకం 24కి దిగింది. గేమ్ కట్టేసి పనిచేస్తే 32 చాలు!

ఇక షాపుకి వెళ్లి కొటేషన్ తిరగరాయించాం. పాతదాంట్లో వేగం 6000, సీఎల్ 40. సీఎల్ అంకెను 2000తో హెచ్చవేసి వేగంతో భాగిస్తే 13.3 నానోసెకన్ల ఆలస్యం. అదే వేగంలో సీఎల్ 30 అయితే 10. లైట్లు లేని సీఎల్ 30 జంట అడిగాం.

"రేపు ఇంకో రెండు కలుపుకోవచ్చు సార్" అన్నాడు షాపతను. కుర్రాడు తీసుకుంటున్నది రైజెన్ 7000 రకం. దానికి ఏఎండీ ఇచ్చిన లెక్క ప్రకారం రెండు స్టిక్కులకు 5200, నాలుగైతే 3600. కంపెనీ హామీ ఇచ్చేది అంతవరకే. జంట 6000 మీద నడవడం సాధారణమే గానీ నాలుగింటితో కష్టం. కనుక రేపు 64 కావాలంటే ఈ జంటను అమ్మి, రెండు 32లు కొనడమే మేలు.

బిల్లు కట్టే ముందు మిషన్ ఆన్ చేయించాం. స్టిక్కులు రెండో, నాలుగో స్లాట్లలో ఉన్నాయి, బాగానే ఉంది. వేగం మాత్రం 4800 చూపిస్తోంది! బయోస్‌లో 'ఎక్స్‌పో' ఆన్ చేయడం మరిచారు. చేయించాక 6000 వచ్చింది. ఇది చూసుకోకుండా ఇంటికి తెచ్చుకుని "స్లోగా ఉంది" అనుకునేవాళ్లు ఎందరో!

షార్ట్ ఫిలిమ్ అనుకున్న రోజుకే అందింది. కుర్రాడికి ఒక్కటే బెంగ... లైట్లు లేవని!

"అమ్మ చిట్టీ పైసలు బల్ల మీద పెట్టినవ్ తమ్ముడూ, తోరణాల మీద గాదు" అన్నాను వాడి యాసలోనే. నవ్వేశాడు. వచ్చే వారం కలుద్దాం!