గొంతుకూ ఓ జుమ్మా ఇద్దాం



పోయిన రబీవుల్ అవ్వల్‌లో తాడేపల్లిగూడెంలోని మా ఆపా ఇంటికి వెళ్లాను. పన్నెండేళ్ల మా భాంజా మీలాద్ జల్సాలో నాత్ పోటీకి తయారవుతున్నాడు. ఫజర్ తర్వాత గంట, అసర్ తర్వాత గంట, ఇషా అయ్యాక మళ్లీ. జుమ్మా నాడు మదర్సాకు ఛుట్టీ కదా అని ఆ రోజు రెట్టింపు. "మామూ, హలక్ మండుతోంది" అన్నాడు వాడు. "ఇంకొక్కసారి బేటా, ఆ పై స్థాయి అందితే చాలు" అన్నది నేనే.

జల్సాలో సరిగ్గా ఆ పై స్థాయి దగ్గరే గొంతు చీలిపోయింది. ఏడుస్తూ స్టేజీ దిగాడు. "నజర్ తగిలిందిరా" అని ఆపా దిష్టి తీసింది. వారాలు గడిచినా బొంగురు తగ్గకపోతే ఏలూరు తీసుకొచ్చి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాం. స్వరతంత్రులు వాచాయి, రెండు వారాలు పాట బంద్ అన్నారాయన. వాడికి తగిలింది నజర్ కాదు, మా షౌఖ్.

గొంతులో రెండు చిన్న మడతలుంటాయి. అవి ఒకదానికొకటి తగులుతుంటేనే ఆవాజ్ పుడుతుంది. పిల్లల గొంతులో సెకనుకు సుమారు 250 నుంచి 300 సార్లు తగులుతాయి. అరగంట స్వరం పలికితే లెక్క నాలుగున్నర లక్షలకు చేరుతుంది. ఆ రాపిడికి వచ్చిన వాపు, ఊరుకుంటే దానంతటదే తగ్గుతుంది. ఊరుకోకపోతే? వాచిన గొంతు పలకదు కాబట్టి పిల్లాడు ఇంకా గట్టిగా నెడతాడు. వాపు పెరుగుతుంది. చివరికి అక్కడ బొడిపెలు కడతాయి. పిల్లల్లో తగ్గని బొంగురుకు ఎక్కువగా కారణం ఇవే.

"రియాజ్ ఆపితే గొంతు తుప్పు పడుతుంది" అంటారు మన బుజుర్గులు. రియాజ్ జరూరీయే, కాదనను. కానీ లతా మంగేష్కర్ అంతటి గాయని కూడా గొంతు ఇబ్బంది పెట్టినప్పుడు ఉస్తాద్ అమీర్ ఖాన్ సలహా మీద కొన్ని నెలలు పాడడం ఆపేశారు. ఆ గొంతుకు తుప్పు పట్టిందా?

అంత దూరం ఎందుకు, మన కొల్లేరు వైపే చూడండి. కైకలూరు దగ్గర చేపల చెరువుల రైతు పట్టుబడి అయ్యాక నీళ్లు తోడేసి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టి, సున్నం చల్లి, ఆ తర్వాతే మళ్లీ నీళ్లు పెడతాడు. గూడెం మీదుగా పోయే ఏలూరు కాలువను ఎండాకాలంలో మరమ్మతులకు కట్టేస్తారు. కాలువ కట్టేశారని వ్యవసాయం మానేశారని ఎవరూ అనరు. పిల్లల గొంతు దగ్గరే మనకు ఈ అఖల్ పనిచేయదు.

"సవాబ్ పని కదా, ఆరామ్ ఎందుకు?" అనేవాళ్లూ ఉన్నారు. పగలంతా రోజా, రాత్రంతా నమాజ్‌లో ఉండే హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్‌తో హుజూర్ (స) నీ శరీరానికీ నీ మీద హఖ్ ఉందని చెప్పారు. అలసిపోతే పట్టుకోవడానికి మస్జిద్ స్తంభాల మధ్య కట్టుకున్న తాడును విప్పేయించారు. ఇబాదత్‌లోనే ఇంత ఆసానీ ఇచ్చిన దీన్ మనది. పోటీలో కప్పు కోసం పిల్లాడి గొంతు మీద జుల్మ్ చేసే ఇజాజత్ మనకెవరిచ్చారు?

అందుకే వాలిదైన్‌కూ, ఉస్తాద్‌లకూ, జల్సా కమిటీలకూ నా గుజారిష్. రోజుకు పావుగంట, ఇరవై నిమిషాల చొప్పున రెండుసార్లు చాలు. జుమ్మా నాడు పూర్తి ఛుట్టీ. పెద్దల నాత్ ఫోనులో పెట్టి ఆ స్థాయిలోనే పాడమనకండి, పిల్లలకు అందే స్థాయిలో పాడనివ్వండి. గొంతు బొంగురుపోతే ఆ రోజే ఆపండి. గుసగుసగా సాధన చేయించడం ఆరామ్ కాదు, అదీ శ్రమే. నీళ్లు బాగా తాగించండి. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. పన్నెండు, పద్నాలుగేళ్ల మగపిల్లల గొంతు మారే రోజుల్లో మరింత సబర్ కావాలి. రంజాన్ తరావీలో రోజూ ఒక పారా చదివే హాఫిజ్ సాబ్ మీదా రహమ్ చూపండి. వెనక నిలబడే సామె హాఫిజ్‌కు కొన్ని రకాతులు పంచితే ఇద్దరి గొంతూ నిలుస్తుంది.

అల్‌హమ్దులిల్లా, మా భాంజా మళ్లీ పాడుతున్నాడు. జుమ్మా నాడు మాత్రం నాకు ఫోన్ చేసి, నాత్‌లోని ఉర్దూ మాటలకు మానే అడుగుతాడు. తెలుగులో చెబుతాను, రాసుకుంటాడు. "ఇన్నాళ్లూ పాడాను గానీ మామూ, ఏం పాడుతున్నానో ఇప్పుడే తెలుస్తోంది" అన్నాడు మొన్న.

నోరు ఊరుకున్న రోజే వాడి దిల్ పాఠం మొదలైంది.