మిషన్ లేకుంటే రోగం లేనట్టేనా?

ఐసీయూ బయట నిలవడ్డ ఇంటోళ్లకు "లంగ్స్ ఫెయిలైనయ్" అని ఒక్క మాట చెప్తరు. ఎంత ఫెయిలైనయో తేల్చే లెక్కొకటి ఉన్నది. గా లెక్క ఎసొంటి దవాఖానను చూసి రాసిండ్రన్నదే పంచాయితీ.

దీన్ని ఏఆర్‌డీఎస్ అంటరు. న్యుమోనియానో, రక్తంల ఇన్ఫెక్షనో వచ్చిన వారంల రెండు ఊపిరితిత్తులల్ల నీరు నిండుతది. గుండె బలం తగ్గి వచ్చే నీరు కాదిది. ఆక్సిజన్ పెట్టినా రక్తంలకు సరిగ ఎక్కదు.

2012ల బెర్లిన్ నిర్వచనం వచ్చింది. రక్తంల ఆక్సిజన్ పీడనాన్ని, పేషంట్‌కు ఇచ్చే ఆక్సిజన్ పాలుతోని భాగించాలె. 300 దాక ఉంటే తక్కువ, 200కు దిగితే మధ్యరకం, 100కు దిగితే తీవ్రం. మంచిగనే ఉన్నది. గని ధమని రక్తం పరీక్ష కావాలె, ఎక్స్‌రేనో సీటీనో కావాలె, వెంటిలేటరో బిగుతు మాస్కో పెట్టి ఉండాలె. ఇవి లేని కాడ ఊపిరాడక పాణం పోయినా, కాగితం మీద ఆ రోగమే లేదు.

ఉత్తగ అంటలేను. ర్వాండాల, కిగాలి పెద్ద దవాఖానల 1,046 అడ్మిషన్లు చూసిండ్రు. వెంటిలేటర్ షరతు తీసేసి, ఆక్సీమీటర్, అల్ట్రాసౌండ్ తోని లెక్కగడితే 42 మందికి రోగం తేలింది. బెర్లిన్ లెక్కల? సున్నా. ఆ 42 మందిల సగం మంది సచ్చిపోయిండ్రు. ఐసీయూ దొరికింది మూడో వంతు మందికి గూడ కాదు. 2016ల అచ్చయిన ముచ్చటిది.

2023ల కొత్త ప్రపంచ నిర్వచనం ఆక్సీమీటర్‌ను, అల్ట్రాసౌండ్‌ను ఒప్పుకున్నది. సౌలత్‌లు లేని కాడ వెంటిలేటర్ షరతు లేదన్నది. ఆలస్యమైంది గని, నా లెక్కల ఇదే న్యాయం.

కరోనాల మనమంత వేలికి మిషన్ పెట్టుకొని 90, 92 అని చూసుకున్నోళ్లమే. ఉత్త 90 అంటే సగం ముచ్చటే. 40 శాతం ఆక్సిజన్ మీద 90 ఉంటే, 90ని 0.4 తోని భాగిస్తే 225, మధ్యరకం. 80 శాతం మీద అదే 90 అంటే 112, తీవ్రం. రీడింగ్ 97 దాటితే ఈ లెక్క పనికిరాదు. ఇంకోటి, నల్లటి చర్మం మీద ఆక్సీమీటర్ ఒక్కోసారి ఉన్నదానికంటె ఎక్కువ చూపెడతది. మన తిక్కు ఇది యాదికుండాలె.

పేరు పెడితే ఏమొస్తదంటరా? వెంటిలేటర్ మీదున్న తీవ్రమైన పేషంట్లను రోజుకు 16 గంటలు బోర్ల పండవెడితే, 28 రోజులల్ల చావులు 33 శాతం నుంచి 16 శాతానికి తగ్గినయని 2013ల తేలింది. చిన్న దవాఖానల ఆ పేరు జల్ది పడితేనే పెద్ద దవాఖానకు జల్ది పంపుతరు. రేపు మీ ఇంట్ల ఎవరికన్న ఆక్సిజన్ పెడితే, "ఎంత ఆక్సిజన్ మీద 90 ఉన్నది సార్?" అని అడుగుర్రి.