కత్తిరింపు – కల్పన

ఛాయాచిత్రం సత్యానికి ప్రతిబింబమని లోకంలో ఒక నమ్మకం ఉంది. ఎదుట ఉన్నదాన్నే యంత్రం పట్టి ఇస్తుంది కనుక అందులో అసత్యానికి తావు లేదని భావిస్తాం. ఈ నమ్మకం సగమే నిజం. తీసిన చిత్రాన్ని దిద్దడం తప్పా, ఒప్పా అన్న ప్రశ్న ఆ మిగిలిన సగంలో నుంచి పుడుతుంది.

మా మంచిర్యాలకు గోదావరి ఉంది గాని సముద్రం లేదు. ఏ తీరానికి పోవాలన్నా వందల కిలోమీటర్లు ప్రయాణించాలి. అందువల్ల విశాఖపట్నంలో సముద్రాన్ని తొలిసారి చూసిననాడు నేను తీసిన చిత్రం నాకు ఎంతో ప్రియమైనది. ఇంటికి వచ్చి చూసుకుంటే మాత్రం నిరాశే మిగిలింది. సముద్రం ఒక పక్కకు ఒరిగి, నీరంతా ఒలికిపోతుందేమో అన్నట్లుంది. పై సగమంతా వెలవెలబోయిన ఆకాశం, కింద ఇసుక, నడుమ ఎక్కడో ఒక చిన్న చేపల పడవ.

మొదట దిగంతరేఖను సరిచేశాను. ఒరిగింది సముద్రం కాదు, నా చెయ్యి. కనుక ఆ దిద్దుబాటు చిత్రాన్ని సత్యానికి దగ్గర చేసిందే గాని దూరం చేయలేదు. తరువాత ఆకాశాన్ని చాలావరకు కత్తిరించాను. దిగంతరేఖ పైనుంచి మూడో వంతు దగ్గర, పడవ ఎడమ అంచుకు మూడో వంతు దగ్గర నిలిచాయి. పడవ సాగే దిక్కున నీటిని ఖాళీగా వదిలాను. అంతవరకు దిక్కుతోచక తిరిగిన చూపు పడవపై నిలిచింది. అయితే కత్తిరింపుకూ హద్దు ఉంది. పొడవులో సగం, వెడల్పులో సగం తీసివేస్తే మిగిలేది నాలుగో వంతే. దానిని పెద్దదిగా అచ్చు వేస్తే మసకబారుతుంది. చివరగా వెలుగునీడల తేడాను కొద్దిగా పెంచాను. నీటి రంగును మాత్రం ముట్టలేదు. ఆనాడు మబ్బు పట్టి, సముద్రం బూడిద రంగులోనే ఉంది.

ఇసుకలో ఒక ప్లాస్టిక్ సంచి మిగిలింది. స్టూడియో నడిపే మిత్రుడొకరు దానిని క్షణంలో తుడిచివేసి చూపారు. చిత్రం నిస్సందేహంగా మరింత అందంగా ఉంది. అయినా నేను వద్దన్నాను.

‘‘పూర్వం నెగెటివ్‌పై పెన్సిలుతో టచింగ్ చేయలేదా?’’ అని ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దిద్దుబాటు కంప్యూటరుతో పుట్టినది కాదు. ఫ్రాన్సు దేశీయుడు గుస్తావ్ లె గ్రే 1857 ప్రాంతంలో తీసిన సముద్ర చిత్రాలు జగద్విఖ్యాతాలు. ఆనాటి రసాయనాలకు సముద్రం చక్కగా పడితే ఆకాశం తెల్లబోయేది. అందుచేత ఆయన సముద్రాన్ని ఒక నెగెటివ్‌లో, ఆకాశాన్ని మరొక నెగెటివ్‌లో తీసి దిగంతరేఖ వద్ద కలిపారు. జర్మన్ కళాకారుడు ఆండ్రియాస్ గుర్‌స్కీ 1999లో రైన్ నది చిత్రం నుంచి ఆవలి ఒడ్డున ఉన్న కట్టడాన్ని తొలగించారు. ఆ చిత్రం 2011లో 43 లక్షల డాలర్లకు పైగా ధర పలికింది. అది కళాఖండంగానే ప్రదర్శితమైంది. మార్పు జరిగిన సంగతీ లోకానికి తెలుసు. కాబట్టి ఎవరూ మోసపోలేదు. కాని నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1982 ఫిబ్రవరి ముఖచిత్రంలో ఇమడడానికి ఈజిప్టు పిరమిడ్లను దగ్గరకు జరిపినప్పుడు విమర్శలు చెలరేగాయి. పాఠకుడు దానిని వాస్తవంగా స్వీకరించాడు గనుక.

కాబట్టి తప్పొప్పులను నిర్ణయించేది పనిముట్టు కాదు. ఆ చిత్రం ద్వారా మనం చేసే ప్రకటన. ‘‘ఇటు చూడండి’’ అంటుంది కత్తిరింపు. ‘‘ఇది అక్కడ లేనేలేదు’’ అంటుంది తుడిచివేత. అలాగని కత్తిరింపు ఎల్లప్పుడూ నిర్దోషి కాదు. 2022 జూలైలో గోదావరి పొంగి మంచిర్యాలలోని కాలనీలు నీట మునిగాయి. ఆనాటి చిత్రంలో ఒక ఇంటి గుమ్మం అంచున ఉండి అందానికి అడ్డు వచ్చిందనుకుందాం. దానిని కత్తిరిస్తే మిగిలేది విశాలమైన జలరాశి. చూడడానికి సముద్రమంత సొగసు. కాని నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో చెప్పగల ఒకే ఒక సాక్షి ఆ గుమ్మం. నష్టపోయిన కుటుంబానికి అందంకంటె ఆ సాక్ష్యమే ముఖ్యం.

నేడు ప్రతి చేతిలోనూ కెమెరా ఉంది. దిద్దే ఉపకరణమూ అందులోనే ఉంది. దిద్దండి, సంకోచించవద్దు. ఒరిగినదాన్ని నిలబెట్టండి, అనవసరమైనదాన్ని అంచుల నుంచి తీయండి, మసకను తొలగించండి. కాని అసలు చిత్రాన్ని చెరపకుండా ప్రత్యేకంగా భద్రపరచండి. కల్పన చేర్చినప్పుడు కల్పన అని చెప్పండి. నా సముద్ర చిత్రంలో ఆ సంచి ఇప్పటికీ ఉంది. చూసినవారు మొదట పడవను మెచ్చుకుంటారు. ఆ తరువాత, ‘‘తీరాన్ని ఇట్లా పాడుచేస్తున్నామా?’’ అంటారు. తుడిచివేసి ఉంటే ఆ రెండో మాట పుట్టేది కాదు.