పాలు పొంగించే ముందు నీళ్లు పోసి చూడాలి

మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం. గృహప్రవేశానికి పంచాంగం మెచ్చే మాసాలివి. గోదావరి డెల్టాలో వాన ముఖం కనిపించని రోజులూ దాదాపు ఇవే. పైగా ఏప్రిల్ నెలాఖరుకల్లా దాళ్వా పంటకు నీరు ఆపి కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్లీ వదిలేదాకా బోదెలు ఎండిపోతాయి, నూతుల్లో నీరు కిందకు దిగిపోతుంది. ఏడాది మొత్తంలో ఇంటి గోడ బాగా ఆరి ఉండేది అప్పుడే. రంగు వాసన ఇంకా పోని ఫ్లాటును ఆ ఎండవేళ ఒక అరగంట చూసి, ఈశాన్యం, సింహద్వారం సరిచూసుకుని బయానా ఇచ్చేస్తారు.

ఆ ఇంటి అసలు రంగు శ్రావణంలో బయటపడుతుంది. గచ్చు నుంచి జానెడు ఎత్తు వరకు గోడకు చెమ్మ ఎక్కి, పెయింటు పొరలు పొరలుగా లేస్తుంది. బాత్రూమ్ గోడ అవతలి వైపు, పడకగదిలో బీరువా పెట్టిన చోట, తెల్లగా ఉప్పు పొంగుతుంది. వీధిలోని డ్రెయిన్ నిండితే సెల్లారులో బండ్లు తడుస్తాయి. అప్పటికి రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటుంది, బ్యాంకు వాయిదా మొదలై ఉంటుంది.

డెల్టాలో ఇల్లు కొనేవాళ్లు ముందు అడగాల్సింది నేల సంగతి. రాజమండ్రి, తణుకు, భీమవరం, అమలాపురం చుట్టూ కొత్తగా లేస్తున్న ఇళ్లలో చాలా వాటి కింద ఒకప్పుడు వరిచేలే ఉన్నాయి. పల్లపు చేను కొని, మట్టో బుసకో తోలించి మెరక చేసి, దాని మీద కడతారు. మెరక చేయడంలో తప్పేమీ లేదు. పొరలు పొరలుగా పోసి, నీళ్లు పెట్టి, రోలరు తిప్పి గట్టిపరచకపోతేనే ఆ మట్టి రెండు మూడు వానాకాలాల పాటు దిగుతూనే ఉంటుంది. దాంతో పాటు గచ్చు కుంగుతుంది, మెట్లు గోడ నుంచి విడిపోతాయి. కింద నల్లరేగడి ఉంటే సమస్య మరో రకం. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే మట్టి అది. అలాంటి నేల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్ పునాదిని ప్రచారంలోకి తెచ్చింది. కొంటున్న ఇంటికి ఏ పునాది వేశారో, పునాది కోసం మట్టి పరీక్ష చేయించారో లేదో అడిగే కొనుగోలుదారు ఎక్కడో గానీ కనిపించరు.

నేల గురించిన ఈ ప్రశ్న ఎంత పెద్దదో 2024 సెప్టెంబరులో కాకినాడ జిల్లా గొల్లప్రోలులో తేలింది. ఏలేరు వరద వచ్చినప్పుడు సుద్దగడ్డ వాగు పక్కన ప్రభుత్వం ఇచ్చిన స్థలాల్లో కట్టుకున్న కొత్త ఇళ్ల చుట్టూ నీళ్లు చేరాయి. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ స్వయంగా వెళ్లి ఆ కాలనీని చూశారు. అంతకు ముందు 2020లో, రాజమండ్రి పేదల ఇళ్ల స్థలాల కోసం కోరుకొండ మండలం బూరుగుపూడి దగ్గర సేకరించిన ఆవ భూములు ముంపు నేలలన్న అభ్యంతరం హైకోర్టు దాకా వెళ్లింది. ఆవ అంటేనే నీరు నిలిచే పల్లం. ఊరి పెద్దను అడిగితే ఆ మాట ఒక్క నిమిషంలో చెప్పేవాడు. డెల్టాలో చేల పేర్లు, కాలువల పేర్లు ఊరికే పుట్టలేదు. కొనబోయే స్థలాన్ని పాతరోజుల్లో ఏమని పిలిచేవారో, 1986 వరదకు, 1996 నవంబరు తుపానుకు అక్కడ నీరు ఎంత ఎత్తున నిలిచిందో పక్కవీధి ముసలివాళ్లను అడిగి తెలుసుకోవడం ఇంటి పరీక్షలో మొదటి మెట్టు.

పూర్వం ఈ పరీక్ష విడిగా అక్కర్లేకపోయింది. కోనసీమలో మండువా లోగిలి కట్టించిన గృహస్థు పునాది గొయ్యి తవ్విన రోజు నుంచి పెంకు పరిచే రోజు దాకా తాపీమేస్త్రి పక్కనే నిలబడేవాడు. అరుగు అంత ఎత్తున ఎందుకు లేపాలో, మండువాలో పడిన వాన ఏ తూములోంచి దొడ్లోకి పోవాలో ఆయనకు తెలుసు. ఇప్పుడు కట్టేటప్పుడు కొనేవాడు ఉండడు. కడ్డీలు, కాంక్రీటు, పైపులు అన్నీ సిమెంటు కింద దాగిపోయాక వస్తాడు. ఏడాదిపాటు చూడాల్సింది ఒకటి రెండు రోజుల్లో చూడాలి. అలా దాగిన లోపం ఎంత దూరం పోగలదో చూడండి: 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో పొట్టకూటికి వెళ్లిన ఉత్తరాంధ్ర కూలీలు ఎందరో ఉన్నారు. ఆ దుర్ఘటన నాటికి ఆ భవనంలో ఫ్లాట్లు కొన్నవాళ్లింకా కాపురానికి రాలేదు.

కొనబోయే ఇంటిని పరీక్షించి చూడటానికి పెద్ద సామగ్రి ఏమీ అక్కర్లేదు. ఒక బకెట్టు, ఒక రూపాయి బిళ్ల, ఒక పెన్సిలు, సెల్‌ఫోను చార్జరు చాలు. బాత్రూములో బకెట్టు నీళ్లు పోసి అవి ఎటు పోతాయో నిలబడి చూడాలి. జాలీ వైపు పోకుండా గుమ్మం వైపు పాకితే వాటం తప్పినట్టే. టైల్స్ తీసి మళ్లీ పరచడం తప్ప వేరే దారి లేదు. తరువాత జాలీని గుడ్డతో బిగించి, అంగుళం ఎత్తు నీళ్లు నింపి, మర్నాటి దాకా వదిలేసి, కింది ఫ్లాటు బాత్రూము కప్పు చూడాలి. టేబుల్ మీద గ్లాసు తడి మచ్చలా అక్కడ చెమ్మ ముద్ర కనిపిస్తే వాటర్‌ప్రూఫింగ్ లేనట్టే. మేడ మీద డాబాకూ ఇదే పరీక్ష. బిళ్లతో టైల్స్ మీద ఒక్కొక్కటిగా తట్టుకుంటూ పోతే, కింద సిమెంటు పట్టనివి డొల్లగా మోగుతాయి. గోడ మీద సాలెగూడులాంటి సన్న నెర్రెలు ప్లాస్టరింగు ఆరడంలో వచ్చినవి, వాటికి భయపడక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకి, బిళ్ల అంచు దూరేంత పగులుంటే మాత్రం దాని రెండు కొసలా పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ రాసి, నెల తరువాత మళ్లీ వెళ్లి చూడాలి. గీత దాటి పాకిందంటే ఇల్లు ఇంకా కుంగుతోందని అర్థం. అప్పుడు స్ట్రక్చరల్ ఇంజినీరును తీసుకెళ్లకుండా సంతకం పెట్టకూడదు. చార్జరు పెట్టి ప్రతి ప్లగ్గూ చూడాలి. ఎర్త్ గొయ్యి ఎక్కడుందో చూపించమని అడగాలి. బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వాలి. సముద్రం వైపు పోయేకొద్దీ ఉప్పు ఎక్కువయ్యే నీళ్లవి.

రాజమండ్రి, భీమవరం, పాలకొల్లు లాంటి చోట్ల ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లు అందుకున్న లబ్ధిదారులకూ ఈ పరీక్షలన్నీ వర్తిస్తాయి. 300, 365, 430 చదరపు అడుగుల ఇల్లయినా నీళ్లు కారితే బాధ ఒకటే.

కొనేవాడి పక్షాన చట్టం గట్టిగానే ఉంది. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లోగా బిల్డరు పైసా తీసుకోకుండా బాగుచేయాలి. చేయకపోతే పరిహారం ఇవ్వాలి. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి బయానా తీసుకోకూడదు. మంజూరైన ప్లాన్లు అడిగి తీసుకోవడం కొనుగోలుదారు హక్కు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తేవాల్సిన బాధ్యత బిల్డరుదే. ఆ కాగితం లేకుండా ఫ్లాట్లు అప్పగించిన ఒక ముంబై బిల్డరు కేసులో, నివాసులు ఏళ్ల తరబడి ఆస్తి పన్ను 25 శాతం, నీటి చార్జీ 50 శాతం అదనంగా కట్టాల్సి వచ్చింది. అది సేవాలోపమేనని సుప్రీంకోర్టు 2022 జనవరిలో తేల్చింది.

అయితే గోదావరి జిల్లాల వాళ్లు గమనించాల్సిన కన్నం ఒకటి ఆ చట్టంలోనే ఉంది. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు, దాటని స్థలంలో కట్టినవాటికీ, ఎనిమిది ఫ్లాట్లు మించనివాటికీ రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన ఊళ్లలో వీధి వీధినా లేస్తున్న గ్రూప్ హౌసుల కొలత సరిగ్గా ఇదే. మూడు వందల గజాల్లో అంతస్తుకు ఒకటో రెండో ఫ్లాట్లు. పెద్ద నగరాల్లో గేటెడ్ కమ్యూనిటీలో కొన్న ఉద్యోగికి ఉన్న రక్షణ, ఉన్న పొలం అమ్మి తణుకులో చిన్న ఫ్లాటు కొన్న రైతుకు లేదు. ఆయనకు మిగిలేది వినియోగదారుల కమిషన్, అగ్రిమెంటులో రాసుకున్న మాటలు. ఆ హద్దును తగ్గించే అధికారం చట్టమే రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. డెల్టా పట్టణాల్లో నాలుగు ఫ్లాట్లు దాటిన ప్రతి కట్టడాన్నీ రెరా కిందకు తేవాలి. ఈలోగా కొనేవాళ్లు ఐదేళ్ల మరమ్మతు హామీని అగ్రిమెంటులో అక్షరం పొల్లుపోకుండా రాయించుకోవాలి.

అన్నిటికంటే పెద్ద చిక్కు ముహూర్తంతో వస్తోంది. ముహూర్తం తప్పు కాదు, దాన్ని పెట్టుకునే వరసే తప్పు. తేదీ ఖాయమై, శుభలేఖలు పంచి, డాలస్ నుంచి కొడుకూ కోడలూ టిక్కెట్లు తీసుకున్నాక లోపం కనిపిస్తే ఏ తండ్రీ బిల్డరును నిలదీయలేడు. "పాలు పొంగించెయ్యండి మాస్టారూ, వారంలో కుర్రాళ్లను పంపి చేయించేస్తాను" అంటే సరేననక తప్పదు. ఆ వారం మళ్లీ రాదు. టెక్సాస్‌లో ఇల్లు కొనేటప్పుడు అదే కొడుకు లైసెన్సున్న ఇన్‌స్పెక్టరుకు డబ్బిచ్చి, పునాది నుంచి పైకప్పు దాకా రాతపూర్వక నివేదిక తీసుకునే ఉంటాడు. రాజమండ్రి ఫ్లాటును మాత్రం వాట్సాప్ వీడియోలో చూసి సరేనంటున్నాడు. ఇక్కడా కాకినాడ, భీమవరం ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివి వచ్చిన సివిల్ ఇంజినీర్లు ప్రతి పట్టణంలో ఉన్నారు. ఇంటి ధరలో వాళ్ల ఫీజు ఏ మూలకు?

అందుకని ఈ ఏడాది ఇల్లు కొనబోయేవాళ్లకు ఒక మనవి. ఎండాకాలంలో నచ్చిన ఇంటిని ముసురు పట్టిన రోజున, గొడుగు వేసుకుని మరోసారి వెళ్లి చూడండి. ఇంజినీరు నివేదిక, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రెండూ చేతికి వచ్చాకే పంతులుగారి దగ్గరకు ముహూర్తానికి వెళ్లండి.